ఏటి అవతలి పాట

భుజాన గొంగడి, చేతిలో కర్ర. తెర మీద గద్దర్ గొంతెత్తాడు. నిజాం నవాబును నిలదీసిన పాట అది. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో బండి యాదగిరి కట్టింది. పల్లె పాటను పల్లె గొంతుతోనే వినిపించిన ఆ దర్శకుడికి మాత్రం తెలుగు రాదు. ఆయన కలకత్తా కుర్రాడు గౌతమ్ ఘోష్.

1950లో పుట్టిన గౌతమ్‌కు అప్పటికింకా ముప్పై నిండలేదు. కథాచిత్రం ఒక్కటీ తీయలేదు. బెంగాల్ కరువు మీద తీసిన ‘హంగ్రీ ఆటమ్’ డాక్యుమెంటరీయే ఆయన చేతిలో ఉన్న పెట్టుబడి. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని తెరకెక్కించాలని పూనుకున్న బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ అంతటి కథనూ ఆ కుర్రాడి చేతుల్లో పెట్టారు. కిషన్ చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా ‘మా భూమి’ మొదలైంది.

కథానాయకుడు రామయ్య వెట్టి బతుకులో పుట్టాడు. మనసిచ్చిన పిల్ల దొర గడీ పాలైతే గుండె పగిలి ఊరొదిలాడు. హైదరాబాదులో రిక్షా తొక్కాడు, కార్మికుల సావాసంలో కళ్ళు తెరిచాడు, తిరిగొచ్చి ఊరిని లేపాడు. ఆ వేషం కట్టిన సాయిచంద్, త్రిపురనేని గోపీచంద్ కొడుకు. ఆంధ్ర బిడ్డ తెలంగాణ రైతుగా మారిపోయాడు.

1980 మార్చి 23న, భగత్‌సింగ్‌ను ఉరితీసిన రోజున, సినిమా విడుదలైంది. పశువులు కాసే పసివాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాట సంధ్య గొంతులో ఇంటింటికీ చేరింది.

ఆ పాట వింటే మా పల్నాడుకు తన గాయమే గుర్తొస్తుంది. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమంటే, కట్టం పొమ్మన్న కన్నెగంటి హనుమంతు 1922లో మించాలపాడులో తుపాకి గుళ్ళకు నేలకొరిగాడు. మాచర్ల దాటి కృష్ణకు అడ్డంపడితే నల్లగొండే. ఇక్కడ పాలేరు అంటే అక్కడ జీతగాడు; మాట మారింది, గంజి మారలేదు.

గౌతమ్ తర్వాత హిందీలో ‘పార్’ తీశాడు. అందులో ఊరొదిలిన కూలీగా నటించిన నసీరుద్దీన్ షా 1984లో వెనిస్‌లో ఉత్తమ నటుడయ్యాడు. అక్కడా ఒక ఏరుంది. బతుకు తెరువు కోసం పందుల మందను ఏరు దాటించే ఆలుమగలున్నారు.

భాష రానివాడికి మన కథ ఎలా పట్టుబడిందని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. బెంగాల్‌లో ఆకలి డొక్కలు చూసొచ్చాడు. మన పల్లెలో వాటినే గుర్తుపట్టాడు. మాటలు రాకపోతేనేం, పాటను పాడేవాళ్ళకే వదిలేసి తాను చెవి ఒగ్గి విన్నాడు.