కిటికీ పక్క సీటు: మన కొండ నుంచి ఉత్తర ధ్రువం దాకా



పోయిన వారం మన సంఘంలో ఒక పిన్ని అడిగారు: "అమెరికాలో కొడుకు దగ్గరికి పోతున్నా. విమానంలో ఏ పక్క కూర్చుంటే బాగా కనబడుతుంది?" మన వైపు ఈ ప్రశ్న విమానంతో పుట్టింది కాదు, రైలుతో పుట్టింది.

విరుదునగర్ నుంచి రాజపాళయం మీదుగా తెన్కాశికి రైలు వచ్చింది 1927లో. అంతకు ముందే, 1904లో, సెంగోట్టై నుంచి కొల్లం వైపు కొండల్లో మీటర్ గేజ్ బండి నడిచింది. చిన్నప్పుడు మమ్మల్ని ఆ బండెక్కించేటప్పుడు మా నాయన చెప్పేవారు: "తెన్కాశికి పోతే కుడిపక్క, తిరిగొస్తే ఎడమపక్క." కొండలు మనకు ఎప్పుడూ పడమరే కదా! ఆర్యంకావు సొరంగం దాటి పదమూడు కమానుల వంతెన వచ్చేసరికి మేం రెండు పక్కలకీ పరుగెత్తేవాళ్లం. కిటికీలన్నీ మాకిచ్చి నాయన తలుపు దగ్గర నిలబడేవారు. ఆ దారిని 2010లో బ్రాడ్ గేజ్ కోసం మూసి, 2018లో మళ్లీ తెరిచారు.

ఇక ఆకాశం సంగతి. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్లారి మీదుగా మద్రాసుకు తెచ్చారు. అందులో ఉత్తరాల మూటలే ప్రయాణికులు, సీటు గొడవే లేదు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా బొంబాయి నుంచి కైరో, జెనీవా మీదుగా లండన్‌కు ఎగిరింది. 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, మరో ఇద్దరు మహిళా పైలట్లు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా, సుమారు 14,000 కిలోమీటర్లు, ఎక్కడా దిగకుండా బెంగళూరుకు వచ్చారు.

పిన్నికి జవాబు ఇది. మధ్యాహ్నపు ఎండ మనకు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి పడుతుంది. కాబట్టి పడమరకు పోయేటప్పుడు కుడిపక్క, తూర్పుకు వచ్చేటప్పుడు ఎడమపక్క నీడ, కళ్లు చెదరవు. ఉత్తరాదిన రాత్రిపూట ఎగిరితే ధ్రువకాంతులు కనబడే అవకాశమూ ఆ పక్కే. రెక్క మీద సీటైతే రెక్కే కనబడుతుంది. ఇంజను వెనకైతే వేడిగాలికి దృశ్యం అలలలా వణుకుతుంది. రెక్కకు ముందు వరుసలు మేలు. కొన్ని వరుసల్లో కిటికీ ఉండాల్సిన చోట గోడే ఉంటుంది, సీట్ల పటం చూసుకోండి.

ఇదంతా తెలిసీ నేను ఒక తప్పు చేశాను. మా అమ్మ మొదటిసారి విదేశం పోయినప్పుడు, మోకాళ్ల నొప్పులని దారి పొడుగునా నడవ పక్క సీటే తీశాను. తిరిగొచ్చాక అమ్మ అన్నది ఒకటే మాట: "అంత దూరం పోయొచ్చాను గానీ ఏమీ చూడలేదురా."

పెద్దవాళ్లకు పొడుగు ప్రయాణంలో నడవ పక్కే మంచిది, మాటిమాటికీ లేచి కాళ్లాడించాలి. కానీ మదురై నుంచి చెన్నైకి గంట సేపే కదా! అక్కడ కిటికీ ఇవ్వండి. ఎడమపక్కైతే, మబ్బు లేకుంటే, సిరుమలై కనబడుతుంది. కుడిపక్కైతే చెన్నై దగ్గర పడ్డాక సముద్రం.

పిన్నీ, పోయేటప్పుడు ఎడమపక్క కూర్చోండి. ముందు మన కొండలు చూసి బయలుదేరండి.