సిగరెట్ పెట్టెలోని బొమ్మ

పొగాకును గురించి ఎప్పుడు వ్రాసినా ఊపిరితిత్తులతో మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఒక అట్టముక్కతో మొదలుపెడుతున్నాను.

1881లో జేమ్స్ బోన్సాక్ అనే అమెరికన్ యువకుడు సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. అది రోజుకు లక్షకు పైగా చుట్టగలదు. మరి అంత సరుకు కాల్చేదెవరు? ఆనాటి పొట్లాలు పలుచని కాగితంవి. సిగరెట్లు నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవారు. వర్జీనియాలోని అలెన్ అండ్ గింటర్ సంస్థ ఆ అట్టపైన నటీమణులు, క్రీడాకారులు, పక్షుల బొమ్మలను యాభైయేసి చొప్పున వరుసలుగా అచ్చువేసింది. వరుస పూర్తి కావాలంటే పొట్లాలు కొంటూనే ఉండాలి! పొగ త్రాగని బాలురు సైతం దుకాణాల ముందు నిలబడి, కొన్నవారిని ఆ కార్డులు అడిగి తీసుకొనేవారు.

అప్పటికి ఫోటో సామాన్యునికి అందే వస్తువు కాదు. 1854లో పారిస్‌లో డిస్‌డెరీ ఒకే పలకపై పలు చిత్రాలు తీసే పద్ధతితో ధర తగ్గించినా, మన దక్కనులో అది సంపన్నుల ముచ్చటగానే మిగిలింది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాదు స్టూడియోకు వెళ్ళగలిగినవారు ఎందరు? ఇంగ్లండులో ఆగ్‌డెన్ సంస్థ 'గినీ గోల్డ్' సిగరెట్లతో అసలు ఫోటోలనే పంచింది. సేనానుల, నటీమణుల ముఖాలు కూలివాని జేబులోకి చేరాయి. మన దేశంలో విల్స్ సంస్థ 'సిజర్స్' సిగరెట్లతో భారత సైనిక దళాల బొమ్మలు ఇచ్చింది.

కార్డులు పోయాయి గాని ఆకర్షణ పోలేదు. నా బాల్యంలో మన ప్రాంతపు పిల్లలు ఖాళీ సిగరెట్ పెట్టెల ముఖాలు చింపి, ఒక్కొక్క మార్కుకు ఒక్కొక్క విలువ కట్టి ఆడుకొనేవారు. సిగరెట్ రుచి తెలియకముందే మార్కు పేరు కంఠస్థమయ్యేది. పొగ అలవాటు చాలామందికి యౌవనారంభంలోనే పడుతుందని వైద్యులకు తెలుసు. వ్యాపారులకు అంతకంటే ముందే తెలుసునని నా అభిప్రాయం.

2003 నాటి చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది. 2009 మే 31 నుండి పెట్టెలపై హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. 2016 ఏప్రిల్ నుండి అవి పెట్టె ముందూ వెనుకా 85 శాతం ఆక్రమిస్తున్నాయి. ఒకప్పుడు సిగరెట్‌ను అమ్మిపెట్టిన ఫోటోయే ఇప్పుడు రోగాన్ని చూపుతోంది. బీడీ కట్టకూ అదే నియమం.

అయితే ఆదోని పత్తి మార్కెట్టు దగ్గరైనా, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గరైనా ఒకమారు గమనించండి. ఒక్క సిగరెట్ విడిగా కొనే కుర్రవాని చేతికి పెట్టె రాదు. హెచ్చరిక బొమ్మ దుకాణదారుని బల్ల మీదనే ఉండిపోతుంది.