చెరకుతోటల చట్టసభ

నేను స్థిరపడిన మారిషస్‌లో కోర్టు వాదనలు ఇంగ్లీషులో నడుస్తాయి, ఆస్తి తగాదాలు తేల్చేది మాత్రం నెపోలియన్ కాలపు ఫ్రెంచి స్మృతి. దీని మూలం 1810 డిసెంబరు 3 నాటి లొంగుబాటు ఒప్పందంలో ఉంది. ఫ్రెంచివాళ్ళ నుంచి దీవిని గెలిచిన ఇంగ్లీషువాళ్ళు ఇక్కడివాళ్ళ మతం, చట్టాలు, ఆచారాల జోలికి రామని మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు. దానివల్ల బాగుపడింది భూములున్న ఫ్రెంచి దొరలు.

1831లో గవర్నరు సభలో ఏడుగురు అధికారులతో పాటు ఏడుగురు అనధికారులకు చోటిచ్చారు. ఆ ఏడుగురినీ ఏరింది పెద్ద భూస్వాముల్లోంచే. తోటలో కూలీని పెట్టుకునే వర్గమే సభలో కూర్చుని కూలీ మీద చట్టం చేసేది. ఈ సంగతి పట్టుకుంటే ఇక్కడి పందొమ్మిదో శతాబ్దం సగం అర్థమైనట్టే.

1835లో బానిసత్వం రద్దయింది. బానిసల స్థానంలో చెరకు నరకడానికి మనవాళ్ళు వచ్చారు, కోరంగి నుంచి, మా ఊరు తడకు దగ్గరలోని మద్రాసు రేవు నుంచి కూడా. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. అయిదేళ్ళ కూలి ఒప్పందం గడువు తీరాక స్వేచ్ఛ ఉంటుందనుకున్నారు. 1867 చట్టం ఆ ఆశ తుంచేసింది. మలేరియా వేలమందిని పొట్టన పెట్టుకున్న ఏడాదే అది. గడువు తీరిన ప్రతి కూలీ ఫొటో అంటించిన పాసు దగ్గర ఉంచుకోవాలి. పోలీసులు అడిగినప్పుడు చూపకపోతే దేశదిమ్మరి కింద పట్టుకెళతారు. తడ చెక్‌పోస్టు దగ్గర కాగితాలు లేక ఆగిపోయిన లారీలను మీరు చూసే ఉంటారు. ఇక్కడ అలా ఆపింది మనిషిని.

ఇక్కడి మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మా గాంధీ సంస్థలో ఆనాటి ఫొటోలు, రిజిస్టర్లు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, నంబరు, ఎక్కివచ్చిన ఓడ. ఫొటోలో కళ్ళు నేరుగా మనల్నే చూస్తుంటాయి. ఏ తప్పూ చేయనివాళ్ళు దొంగల్లా ఫొటో దిగాల్సి వచ్చిందే అని నాకు కడుపు రగిలిపోతుంది.

1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లాయన కూలీల తరఫున అర్జీ రాశాడు. 9,401 మంది పాత కూలీలు దానికి తమ పేర్లిచ్చారు. పోలీసులకు, దొరలకు భయపడుతూ బతికే మనుషులు అంతమంది ముందుకు రావడం చిన్న సంగతి కాదు. నా దృష్టిలో ఈ దేశ చరిత్రలో అంతకు మించిన కాగితం లేదు. ప్లెవిట్జ్‌ను దేశం నుంచి వెళ్ళగొట్టాలని తోటల యజమానులు ఎదురు అర్జీ పెట్టారు. అయినా గవర్నరు గార్డన్ విచారణ కోరాడు. లండన్ నుంచి ఫ్రియర్, విలియమ్సన్ అనే ఇద్దరు విచారణ కమిషనర్లు వచ్చారు. 1875లో వాళ్ళ నివేదిక కూలీల ఫిర్యాదులు నిజమేనని తేల్చింది, 1878లో కార్మిక చట్టం మారింది.

సభ మాత్రం మారలేదు. 1886లో మొదటి ఎన్నికలు జరిగే నాటికి జనంలో మూడింట రెండు వంతులు భారతీయులే. ఆస్తి, జీతం లెక్క చూసి ఓటిచ్చారు గనక ఓటర్లు నాలుగు వేల పైచిలుకే. 1947లో గానీ తలుపు తెరుచుకోలేదు. దీవిలో వాడే ఏదో ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఓటు. తెలుగు కూడా ఆ భాషల్లో ఒకటి. బసదేవ్ బిసుందోయల్ కార్యకర్తలు ఊరూరా తిరిగి కూలీలకు అక్షరాలు దిద్దించారు. పన్నెండు వేల లోపున్న ఓటర్లు 1948 ఎన్నికలకు డెబ్బై వేలు దాటారు.