ఇంటికెప్పుడు పంపుతారు?

మంచం కాళ్ళవైపు ఒక అట్ట వేలాడుతోంది. దానికి బిగించిన కాగితం మీద రెండు గంటలకో గడి ఉంది. పేషెంటుని ఎడమకి తిప్పారా, కుడికి తిప్పారా, వెల్లకిలా పడుకోబెట్టారా అని రాసే చార్టు అది. ఒక్కో గడిలో ఒక పొట్టి సంతకం. అక్క నా మోచెయ్యి పట్టుకుని గోడ గడియారం వైపు చూపిస్తోంది. టైము మధ్యాహ్నం మూడు. చార్టులో రాత్రి ఎనిమిది దాకా సంతకాలు పడిపోయాయి.

మంచం మీది పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. చార్టు ప్రకారం ఇప్పుడు ఎడమ పక్కకి తిరిగి ఉండాలి. దుప్పటి బయటికి వచ్చిన మడమ పరుపుకి ఒత్తుకుని ఎర్రగా కనిపిస్తోంది. హాస్పిటల్లో ఐసీయూ సిస్టర్ నాన్న నడుం దగ్గర చూపించి మాకు నేర్పింది: ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి, తెల్లబడి మళ్ళీ రంగొస్తే పర్లేదు, నొక్కినా తెల్లబడకపోతే లోపల పుండు మొదలైనట్టే. ముక్కూ మొహం తెలియని మనిషి కాలు నేనెలా నొక్కి చూడను? పక్కనే ఉన్న ఆయమ్మతో "అమ్మా, ఆ మడమ కింద దిండు పెట్టరూ" అంటోంది అక్క. ఆయమ్మ ఆ రిహాబ్ కేంద్రం మేనేజర్ మొహం చూస్తోంది.

మేనేజర్ మాత్రం ఏసీ గురించి చెప్తున్నాడు. డీలక్స్ గదిలో అటెండెంటుకి సోఫా ఉంటుందట, టీవీ ఉంటుందట. "మీ నాన్నగారిని హండ్రెడ్ పర్సెంట్ నడిపించి పంపిస్తాం సార్." నాన్న రిపోర్టులు ఇంకా అక్క సంచీలోనే ఉన్నాయి. ఆయన వాటిని అడగనే లేదు.

బయటికొచ్చి కారెక్కుతున్నాం. ఇద్దరం మాట్లాడుకోలేదు, అవసరం కూడా లేదు.

నాన్న ఖమ్మం ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. మెదడులో ఎడమ పక్క రక్తనాళం మూసుకుపోయి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. ప్రాణగండం గడిచింది. ఇక ఆసుపత్రి మంచం అక్కర్లేదు, రిహాబ్ చూసుకోండి అంటున్నారు. మొదటి మూడు నెలల్లోనే ఎక్కువగా కోలుకుంటారు, ఆ తర్వాతా కోలుకుంటారు గానీ నెమ్మదిగా అని న్యూరాలజిస్టు చెప్పారు. ఖమ్మంలో మా ఇల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. నాన్నని మంచం మీంచి కుర్చీలోకి మార్చడం ఆవిడ వల్ల కాదు. ఇక్కడ సిటీలో మా అద్దె ఫ్లాట్లో పెట్టుకుని ఒక అటెండెంటుని మాట్లాడుకుంటే పడుకోబెట్టి శుభ్రంగా చూసుకుంటారు, అంతే. నాన్నకి కావలసింది పడుకోబెట్టడం కాదు.

ఫోన్ మోగుతోంది. ఖమ్మం నుంచి బాబాయి.

"ఒరేయ్, ఏదో ఆశ్రమంలో చేరుస్తున్నారట అన్నయ్యని? కన్నకొడుకువి నువ్వుండి, కూతురు అదుండి?"

"ఆశ్రమం కాదు బాబాయ్. ఫిజియోథెరపీ చేయించి నడక, మాట నేర్పించే చోటు. కొన్ని వారాలే."

"నలుగురూ ఏమంటారో ఆలోచించారా?"

స్పీకర్లో వింటున్న అక్క ఏదో అనబోయి ఆగింది. బాబాయి మాటల వెనక ఉన్నది అన్నయ్య మీద బెంగ. ఆ బెంగ మాకూ ఉంది. తల్లిదండ్రుల్ని వదిలించుకోవడానికి చేర్చే చోటూ, వాళ్ళని తిరిగి లేపడానికి చేర్చే చోటూ బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి. అవే మంచాలు, అవే డైపర్ల పెట్టెలు, అదే ఫినాయిల్ వాసన. అందుకే లోపలికి వెళ్ళి చూడాల్సి వస్తోంది.

కొంపల్లి దాటాక ఒక ఇండిపెండెంట్ ఇంటిని రిహాబ్ కేంద్రంగా మార్చారు. ముందు గార్డెన్ బాగుంది. అక్క కావాలనే ఒంటిగంట టైముకి తీసుకొచ్చింది. అన్నం పెట్టే వేళకి వెళ్ళమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. పిల్లల్ని పెంచిన మనిషికి తెలిసిపోయే విషయాలు కొన్నుంటాయి.

వార్డులో ఒకావిడకి సాంబారన్నం పెడుతున్నారు. మంచం తలవైపు కాస్త మాత్రమే ఎత్తారు, ఆవిడ సగం పడుకునే ఉంది. పెద్ద స్పూను. ఒక ముద్ద గొంతులో ఉండగానే ఇంకో ముద్ద. నాలుగో ముద్దకి దగ్గొచ్చింది. పెట్టే అమ్మాయి గ్లాసుతో నీళ్ళు పట్టేసింది. దగ్గు ఇంకా ఎక్కువైంది. నాకు ఒళ్ళు జలదరిస్తోంది. పక్షవాతం వచ్చినవాళ్ళలో చాలామందికి మింగుడు కూడా దెబ్బతింటుంది. మెతుకో నీళ్ళో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా అవుతుంది, పక్షవాతాన్ని తట్టుకున్న మనిషి దాన్ని తట్టుకోలేకపోవచ్చు. పల్చటి నీళ్ళు అన్నింటికన్నా ప్రమాదం. నాన్నకి ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబ్ తీసి నాలుగు రోజులు కాలేదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, చిన్న స్పూనుతో చిక్కటి జావ పెట్టాలి. మింగారో లేదో గొంతు కదలిక చూడాలి. పడిన పక్క బుగ్గలో మెతుకులు మిగిలాయేమో చూడాలి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇవన్నీ హాస్పిటల్లో స్పీచ్ థెరపిస్ట్ అమ్మకి చేయించి మరీ చూపించింది.

"మీ దగ్గర స్పీచ్ థెరపిస్ట్ ఉన్నారా?" అక్క అడుగుతోంది.

"కావాలంటే పిలిపిస్తాం మేడమ్."

"ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళేనా?"

రిహాబిలిటేషన్ కౌన్సిల్ పేరు అక్కడి మేనేజర్ విన్నట్టు లేదు. నర్సుల గురించి అడిగితే "అందరూ ట్రెయిన్డే" అంటున్నాడు. ఎందులో? జీఎన్‌ఎం అంటే మూడేళ్ళ కోర్సు, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయి ఉండాలి. తెల్లకోటు వేసుకున్న ప్రతి అమ్మాయీ సిస్టర్ కాదు. ఆ అమ్మాయిల తప్పు ఇందులో ఏమీ లేదు. తక్కువ జీతానికి, నేర్పించకుండా, పన్నెండు గంటల డ్యూటీలో నిలబెట్టినవాళ్ళది తప్పు. ఆ సాంబారన్నం పెట్టిన పిల్లకి ఎవరైనా ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆవిడకి దగ్గు వచ్చేది కాదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే తేలింది. చెప్పిన ప్యాకేజీలో మంచం, తిండి, ఒక పూట ఫిజియో వస్తాయి. డైపర్లు, మందులు, ఎయిర్ బెడ్, రెండో పూట ఫిజియో, డాక్టర్ విజిట్ అన్నీ వేరే. అడగ్గా అడగ్గా ఒక్కోటి బయటికొస్తోంది. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. హెల్త్ పాలసీల మినహాయింపుల్లో 05వ కోడ్ తీసి చూడండి, విశ్రాంతి, రిహాబిలిటేషన్ కోసం చేరితే ఖర్చు రాదని ఉంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక 60 రోజులో 90 రోజులో అయ్యే మందుల ఖర్చు పాలసీని బట్టి వస్తుంది. బిల్లులు మాత్రం దాచుకోవాలి.

సైనిక్‌పురి వైపు చూసిన చోటు పైకి ఏమంత బాగాలేదు. గోడలకి పెచ్చులూడుతున్నాయి. ముగ్గురికి కలిపి ఒక బాత్రూం. రిసెప్షన్లో ఎవరూ లేరు, ఎదురుచూస్తూ నిలబడ్డాం. లోపల పెద్ద హాల్లోంచి ఒక ఆడగొంతు వినిపిస్తోంది: "ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు? చెప్పండి బాబాయ్ గారూ, ఏ కాలు?"

హాలు మధ్యలో చెక్కతో చేసిన మెట్లు, నాలుగు ఎక్కి నాలుగు దిగేలా ఉన్నాయి. ఫిజియో అమ్మాయి ఒక పెద్దాయన నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి వెనకనించి పట్టుకుంది. ఆయన బాగున్న కాలు పైమెట్టు మీద పెట్టి, చేత్తో రైలింగ్ పట్టుకుని, పడిన కాలిని పైకి లాక్కుంటున్నారు. నుదుటి మీద చెమట. పైకెక్కాక ఆగారు. "ఇప్పుడు దిగేటప్పుడు?" ఆయన పడిన కాలు చూపించారు. "అదీ! ఎక్కడానికి మంచి కాలు ముందు, దిగడానికి పడిన కాలు ముందు." ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టేటప్పుడు ఆ అమ్మాయి చంకలో చెయ్యి వెయ్యలేదు. పట్టు తప్పిన భుజం పట్టుకుని లాగితే కీలు జారొచ్చు, ఆ నొప్పితో ఇక ఎక్సర్‌సైజులు చేయలేరు. మొదట చూసిన చోట వార్డుబాయ్‌లు ఇద్దరు ఒకాయన్ని రెండు చంకలూ పట్టి ఎత్తడం మేం చూశాం.

మేం అడగకముందే ఆ అమ్మాయి మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది. నాన్న రిపోర్టులు తిరగేస్తూనే ప్రశ్నలు. ఇల్లు ఎన్నో అంతస్తు? మెట్లకి రైలింగ్ ఏ పక్క ఉంది? బాత్రూం ఇండియనా, వెస్టర్నా? తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా? ఆయన కుడిచేతివాటమా? రోజూ ఏం చేసేవారు?

"పాత స్కూటర్లు విప్పి బిగిస్తుంటారు. వీధిలో అందరివీ" అన్నాను.

"అయితే బోల్టులూ నట్లూ తెప్పిస్తాను. ఎడమచేత్తో మొదలుపెట్టి కుడిచెయ్యి తోడు పెట్టిద్దాం" అంటూ ఆ కాగితం మీదే రాసుకుంది.

ఇంకో కాగితం తీసి అక్కకి చూపిస్తోంది. బార్తెల్ ఇండెక్స్ అంటారట. 1965 నుంచీ వాడుతున్నారు. తినడం, స్నానం, బట్టలు కట్టుకోవడం, మంచం నుంచి కుర్చీలోకి మారడం, మెట్లెక్కడం, ఇలా పది పనులు, మొత్తం వంద మార్కులు. నాన్నకి ఇప్పటికి పాతిక దాకా రావచ్చంది, చేరిన రోజు తనే చూసి వేస్తుందట.

అక్క అసలు ప్రశ్న అడిగింది. "ఇంటికెప్పుడు పంపుతారు?"

"ఆరు వారాలు అనుకుందాం అక్కా. రెండు వారాలకోసారి మీరు, నేను, డాక్టరు గారు కూర్చుని మార్కులు చూద్దాం. ముందుకి కదలకపోతే అదీ చెప్తాను, ఊరికే ఉంచుకోం. కుడిచెయ్యి గురించి మాత్రం ఇప్పుడే మాట ఇవ్వలేను. కాలు వచ్చినంత తొందరగా చెయ్యి రాదు."

ఇన్ని చోట్ల తిరిగితే మా ఇంటి తలుపు గురించి అడిగిన మనిషి ఈ అమ్మాయొక్కతే. చేర్చుకునే రోజే పంపే రోజు గురించి ఆలోచించేవాళ్ళ దగ్గరే నాన్నని ఉంచాలి. పెచ్చులూడిన గోడలతో మాకేం పని?

అయినా చెప్పకుండా రాత్రి తొమ్మిదిన్నరకి మళ్ళీ వచ్చాం. పగలు ఎంత బాగున్నా రాత్రి చూడకుండా ఒప్పుకోకూడదు. సిస్టర్ టేబుల్ దగ్గరే ఉంది. చార్టులో పదిగంటల గడి ఖాళీగా ఉంది, అలాగే ఉండాలి. మంచాల పక్కన బెల్లు చూస్తున్నాను. కుడిచెయ్యి పడిపోయినవాళ్ళకి ఎడమవైపు కట్టారు. ఎవరినీ మంచానికి కట్టెయ్యలేదు.

"సిస్టర్, రాత్రి రెండింటికి ఎవరికైనా మళ్ళీ మూతి వంకరపోతే ఏం చేస్తారు?"

"చివరిసారి బాగున్నది ఎప్పుడో టైము రాసుకుంటాం సార్. వెంటనే షుగర్ చూస్తాం. నోట్లో ఏమీ పొయ్యం, మందు కూడా. సీటీ స్కాన్ ఉన్న హాస్పిటల్‌కి ఫోన్ చేసి అంబులెన్స్‌లో పంపిస్తాం. నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షన్ పడాలి కదా." తడుముకోలేదు. పక్క గదిలో బెల్లు మోగితే మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. నాకు అదీ నచ్చింది.

మర్నాడు హాస్పిటల్లో నాన్న మంచం పక్కన కూర్చున్నాం. మాట రాకపోయినా మనం అనేది ఆయనకి చాలావరకు అర్థమవుతోంది. అక్క ఒక్కో సంగతీ ఆగి ఆగి చెప్తోంది, ఫోన్లో హాలు ఫోటో, మెట్ల ఫోటో చూపిస్తోంది. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ జబ్బులో ఏడుపు తొందరగా వస్తుందని డాక్టర్ చెప్పారు, కానీ ప్రతి కన్నీటినీ జబ్బు మీదికి నెట్టడం నాకిష్టం లేదు. కాసేపటికి ఆయన ఎడమచెయ్యి ఎత్తి, వేళ్ళు తెరిచి మూసి, మళ్ళీ తెరిచి, కనుబొమ్మలు ఎగరేశారు. ఎన్నాళ్ళు?

"ఆరు వారాలు నాన్నా. ఎక్కువైతే నీకు చెప్పే చేస్తాం."

తల ఊపారు. అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే బాబాయికి చేసింది.

"మీ అన్నయ్య సరే అన్నారు. నువ్వు నలుగురి సంగతి తర్వాత చూసుకో. ముందు టేపు పట్టుకుని పైకెళ్ళి బాత్రూం తలుపు ఎంత వెడల్పుందో కొలిచి చెప్పు. మెట్లకి రెండోవైపు కూడా రైలింగ్ పెట్టించాలట. ఎక్కేటప్పుడు ఎడమచేతికి అందేది దిగేటప్పుడు ఆయనకి అందదు."

పావుగంటకి బాబాయి ఫోన్. రొప్పుతున్నాడు, మెట్లు గబగబా ఎక్కినట్టున్నాడు.

"24 అంగుళాలే వదినా. వీల్‌చైర్ పట్టదు. గోడ కొంచెం కొట్టి ఫ్రేము మార్చాలి. వడ్రంగిని రేప్పొద్దున్నే రమ్మన్నాను, రైలింగుకి వెల్డింగ్ షాపువాణ్ణి కూడా. ఆరు వారాలంటే టైముంది కదా?"