జూల్ ఈ-సిగరెట్ ప్రకటనల వివాదం

జూల్ 2015 జూన్‌లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన ఈ-సిగరెట్. సిగరెట్ మానలేని పెద్దవాళ్ల కోసమే దీన్ని తయారు చేశామని కంపెనీ చెప్పుకుంది. మూడేళ్లు తిరిగేసరికి హైస్కూలు పిల్లల్లో ఇది విపరీతంగా పాకింది. నికోటిన్ మోతాదును కొనేవారికి స్పష్టంగా తెలపలేదని, కుర్రకారును ఆకట్టుకునేలా ప్రకటనలు ఇచ్చిందని, అనుమతి లేకుండానే సురక్షితమని ప్రచారం చేసిందని కంపెనీపై ఆరోపణలు వచ్చాయి. వీటిపై అనేక రాష్ట్రాలు దావాలు వేశాయి.

నేపథ్యం

ఈ-సిగరెట్‌లో పొగాకు కాలదు. బ్యాటరీతో వేడెక్కే తీగచుట్ట నికోటిన్ కలిపిన ద్రవాన్ని ఆవిరిగా మారుస్తుంది. ఇప్పటి నమూనాకు ఆద్యుడిగా చైనా ఫార్మసిస్టు హాన్ లిక్‌ను చెబుతారు. ఆయన 2003లో పేటెంటుకు దరఖాస్తు చేశారు.

తప్పుదోవ పట్టించే ప్రచారం తొలినాళ్లలోనే మొదలైంది. పొగ మాన్పించే సాధనంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ-సిగరెట్‌ను గుర్తించిందన్న భావన కలిగేలా కొందరు అమ్మకందార్లు ప్రకటించుకున్నారు. 2008 సెప్టెంబరులో ఆ సంస్థ దీన్ని ఖండించి, నిరూపణ కాని వైద్యపరమైన మాటలు ఆపాలని కోరింది. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ఈ-సిగరెట్లను అనుమతి లేని మందులుగా పరిగణించి దిగుమతులను అడ్డుకుంది. వ్యాపారులు కోర్టుకెళ్లారు. రోగం నయం చేస్తుందని చెప్పుకోనంతవరకు దీన్ని పొగాకు ఉత్పత్తిగానే చూడాలని 2010 డిసెంబరులో అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చింది. అందుకు తగిన నిబంధనలు 2016 ఆగస్టులో గానీ అమల్లోకి రాలేదు. సిగరెట్ ప్రకటనలకు 1971 నుంచే టీవీ తలుపులు మూసుకుపోయినా, ఈ-సిగరెట్ ప్రకటనల్లో సినీతారలు దర్జాగా కనిపించారు. జూల్ వచ్చింది ఈ ఖాళీలోనే.

పరికరం, నికోటిన్

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కలిసి చదివిన ఆడమ్ బోవెన్, జేమ్స్ మోన్సీస్ 2007లో ప్లూమ్ అనే కంపెనీ పెట్టారు. 2015లో దాని పేరు పాక్స్ ల్యాబ్స్‌గా మారింది. 2017లో జూల్ ల్యాబ్స్ విడి సంస్థ అయింది.

జూల్ చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. బడి సంచిలో ఉన్నా పెద్దలు గుర్తుపట్టలేరు. అసలు తేడా లోపలి ద్రవంలో ఉంది. సాధారణ నికోటిన్ ఎక్కువైతే గొంతు మండుతుంది, పీల్చడం కష్టం. బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మారిస్తే ఆ ఘాటు తగ్గి, పెద్ద మోతాదు కూడా సులువుగా లోపలికి పోతుంది. ఆ ద్రవం నింపి పరికరంలో అమర్చే గుళికే పాడ్. తొలి జూల్ పాడ్‌లో 5 శాతం, అంటే మిల్లీలీటరుకు దాదాపు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. ఐరోపా సమాఖ్య అనుమతించే గరిష్ఠ మోతాదు 20 మిల్లీగ్రాములే. ఒక పాడ్ దాదాపు ఒక పెట్టె సిగరెట్లకు సమానమని కంపెనీయే చెప్పింది.

ఈ సంగతి వాడేవారికి చేరలేదు. 15 నుంచి 24 ఏళ్ల జూల్ వినియోగదారుల్లో 63 శాతం మందికి అందులో ఎప్పుడూ నికోటిన్ ఉంటుందన్న విషయమే తెలియదని ట్రూత్ ఇనిషియేటివ్ సంస్థ అధ్యయనం 2018లో వెల్లడించింది. నికోటిన్ వ్యసనకారి అన్న హెచ్చరికను అమెరికాలో తప్పనిసరి చేసింది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే.

ప్రచార పద్ధతులు

‘వేపరైజ్డ్’ పేరుతో సాగిన తొలి ప్రచారంలో ప్రకాశవంతమైన రంగుల నేపథ్యంలో కుర్ర మోడళ్లు కనిపించారు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో భారీ హోర్డింగులు వెలిశాయి, విందుల్లో ఉచిత నమూనాలు పంచారు. మామిడి, పుదీనా వంటి రుచులు తోడయ్యాయి. సామాజిక మాధ్యమాల్లో కుర్రవాళ్లే ఆ ప్రచారాన్ని మోశారు. ఆ పైన కంపెనీ డబ్బు పెట్టాల్సిన అవసరం కూడా అంతగా లేకపోయింది. నికలోడియన్, కార్టూన్ నెట్‌వర్క్ వంటి పిల్లల వెబ్‌సైట్లలోనూ జూల్ ప్రకటనల కోసం చోటు కొన్నదని మసాచుసెట్స్ రాష్ట్రం 2020లో వేసిన దావాలో ఆరోపించింది.

ప్రభుత్వ సర్వే ప్రకారం ఈ-సిగరెట్ వాడే హైస్కూలు విద్యార్థులు 2017లో 11.7 శాతం, 2018లో 20.8 శాతం, 2019లో 27.5 శాతం. 2018 డిసెంబరులో అమెరికా ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్ దీన్ని మహమ్మారిగా ప్రకటించారు. మార్ల్‌బరో సిగరెట్ల కంపెనీ ఆల్ట్రియా 1,280 కోట్ల డాలర్లు పెట్టి జూల్‌లో 35 శాతం వాటా కొన్నది సరిగ్గా ఆ నెలలోనే.

2019 జులైలో ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపింది. జూల్ ప్రతినిధి ఒకరు తమ బడికి వచ్చి అది పూర్తిగా సురక్షితమని చెప్పారని విద్యార్థులు సాక్ష్యమిచ్చారు. తక్కువ హాని చేస్తుందని చెప్పాలంటే ముందుగా ఆధారాలు చూపి అనుమతి తీసుకోవాలని, జూల్ ఆ పని చేయలేదని సెప్టెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ పంపింది. కంపెనీ అమెరికాలో ప్రకటనలు ఆపేసింది, ముఖ్య కార్యనిర్వాహకుడు పదవి వదిలారు.

ఊపిరితిత్తుల వ్యాధి

అదే ఏడాది వేపింగ్ చేసినవారిలో, అంటే ఈ-సిగరెట్ వంటి పరికరాలతో ఆవిరి పీల్చినవారిలో, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు బయటపడింది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు లేదా మరణించారు, వారిలో చనిపోయినవారు 68 మంది. చాలా కేసుల్లో కారణం గంజాయిలో మత్తు కలిగించే టీహెచ్‌సీ ద్రవానికి కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలింది. ఆ ద్రవాలు ఎక్కువగా అనధికార మార్గాల్లో దొరికినవే. కాబట్టి దీన్ని జూల్‌కు అంటగట్టడం సరికాదు. నికోటిన్ ఈ-సిగరెట్లతో కొందరు పెద్దలు సిగరెట్ మానగలుగుతున్నారని వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షలు చెబుతున్నాయి. అయితే పొగతాగేవాడికి హాని తగ్గవచ్చన్నది ఎన్నడూ పొగతాగని పిల్లవాడికి వర్తించదు. జూల్ ప్రచారం ఈ రెండింటినీ కలిపేసింది.

దావాలు, రాజీలు

2021 జూన్‌లో నార్త్ కరోలినా రాష్ట్రానికి 4 కోట్ల డాలర్లు ఇవ్వడానికి జూల్ ఒప్పుకుంది. 2022 సెప్టెంబరులో ముప్పైకి పైగా రాష్ట్రాలతో 43.85 కోట్ల డాలర్లకు, 2023 ఏప్రిల్‌లో న్యూయార్క్, కాలిఫోర్నియా సహా మరికొన్నింటితో 46.2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ప్రకటనల్లో 35 ఏళ్ల లోపువారిని చూపకూడదని 2022 రాజీలో షరతు ఉంది. తప్పు చేశామని మాత్రం కంపెనీ అంగీకరించలేదు.

భారతదేశం

జూల్ భారత్‌లో అడుగుపెట్టే ఏర్పాట్లలో ఉండగానే, 2019 సెప్టెంబరులో కేంద్రం ఆర్డినెన్స్ ద్వారా ఈ-సిగరెట్లను నిషేధించింది. డిసెంబరులో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరాలే. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. నిల్వ ఉంచడం కూడా శిక్షార్హమే.

తర్వాతి పరిణామాలు

2020లో పాడ్‌ల పండ్ల రుచులపై అమెరికా ఆంక్షలు పెట్టింది. వాడి పారేసే పరికరాలు వాటి పరిధిలోకి రాకపోవడంతో కుర్రవాళ్లు పఫ్ బార్ వంటి వాటికి మళ్లారు. 2022 జూన్‌లో ఎఫ్‌డీఏ జూల్ అమ్మకాలకు అనుమతి నిరాకరించింది. ఆ ఉత్తర్వు వెంటనే నిలిచిపోయింది, 2024లో ఎఫ్‌డీఏయే దాన్ని వెనక్కి తీసుకుంది. 2025 జులైలో పొగాకు, మెంథాల్ రుచుల పాడ్‌లకు అనుమతి లభించింది. అనుమతి ఇచ్చినంత మాత్రాన ఇవి సురక్షితమని కాదని ఎఫ్‌డీఏ అప్పుడు ప్రత్యేకంగా చెప్పింది.