తూర్పు ఆసియాకు చౌక విమాన టికెట్లు

టోక్యో, ఒసాకా, సియోల్, తైపీ, హాంకాంగ్, షాంఘై లాంటి నగరాలకు తక్కువ ఖర్చుతో విమాన టికెట్ దొరకబుచ్చుకోవడం ఎలా, ఆ ధరల వెనక నడిచే లెక్కలేమిటి అన్నది ఈ వ్యాస విషయం. ఈ ధరలకు దూరంతో సంబంధం తక్కువ. ఆ దారిలో ఎన్ని సంస్థలు పోటీ పడుతున్నాయి, సీట్లు ఏ రోజుల్లో మిగిలిపోతున్నాయి అన్నవే ధరను తేలుస్తాయి. హైదరాబాద్ నుంచి టోక్యోకు నేరుగా విమానం లేదు. అయినా కౌలాలంపూర్, బ్యాంకాక్, సింగపూర్, హాంకాంగ్‌ల మీదుగా తీసుకెళ్లే సంస్థలన్నీ అదే ప్రయాణికుడి కోసం పోటీ పడతాయి. ఢిల్లీ నుంచి నేరుగా వెళ్లే టికెట్ కన్నా ఈ చుట్టుదారి చాలాసార్లు చౌకగా పడుతుంది.

ధర ఎక్కడ పుడుతుంది

ఒకే ఎకానమీ క్యాబిన్‌లో పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు వేర్వేరు ధరలు కట్టి ఉండొచ్చు. క్యాబిన్‌ను సంస్థలు ఇంగ్లిష్ అక్షరాల పేర్లతో అనేక ధర తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతికి కొన్ని సీట్లు కేటాయిస్తాయి. ఎక్కువ ధరకు కొనేవాడు తర్వాత వస్తాడన్న అంచనా బలంగా ఉన్నప్పుడు చౌక తరగతిని మూసేస్తాయి. ఈ లెక్కకు తొలి సూత్రాన్ని 1972లో బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీలో పనిచేసిన కెన్నెత్ లిటిల్‌వుడ్ రాశాడు. 1978లో అమెరికా విమాన ధరలపై నియంత్రణ ఎత్తేశాక అదే ఆలోచన కంప్యూటర్లకెక్కి ప్రపంచమంతా పాకింది.

దీని ప్రభావం కుటుంబంతో వెళ్లేవాళ్లకు బాగా తెలుస్తుంది. చౌక తరగతిలో మూడే సీట్లు మిగిలి ఉండగా నలుగురికి కలిపి వెతికితే, చాలా బుకింగ్ వ్యవస్థలు నలుగురికీ పై తరగతి ధరే చూపిస్తాయి. ముందు ఒక్కరికి, తర్వాత నలుగురికి వెతికి, తలసరి ధరను పోల్చి చూస్తే తేడా బయటపడుతుంది. అలాంటప్పుడు ముగ్గురికి ఒక బుకింగ్, నాలుగో మనిషికి మరొకటి చేసుకోవచ్చు. కాకపోతే రెండు పీఎన్ఆర్‌లవుతాయి, విమానం రద్దయితే సంస్థ వాళ్లను తలో దారిన పంపే ప్రమాదం ఉంటుంది. అందుకే పిల్లలను పెద్దవాళ్ల పీఎన్ఆర్‌లోనే ఉంచాలి.

కుకీలు తుడిచేస్తే ధర తగ్గుతుందని, మంగళవారం అర్ధరాత్రి కొంటే కలిసొస్తుందని చెప్పేవాళ్లు చాలామంది. వాటికి గట్టి ఆధారం లేదు. వెతుకుతుండగానే ధర పెరిగిందంటే ఆ తరగతిలో చివరి సీటు ఎవరో కొనేసి ఉండొచ్చు, లేదా సైటు మొదట చూపింది పాత ధర కావచ్చు.

ఆకాశంలో హద్దులు

యూరప్ నుంచి తూర్పు ఆసియాకు వెళ్లే విమానాలను రష్యా ఎంతగా శాసిస్తుందో ఒయాసిస్ హాంకాంగ్ ఎయిర్‌లైన్స్ కథ చెబుతుంది. పన్నులు కాకుండా ఒకవైపు 75 పౌండ్లకే హాంకాంగ్–లండన్ టికెట్ అమ్ముతామని వచ్చిన ఆ సంస్థ 2006 అక్టోబరులో తొలి విమానం నడపబోతుండగా, సరిగ్గా బయలుదేరే వేళకు రష్యా తన గగనతలంపై అనుమతిని వెనక్కి తీసుకుంది. విమానం మర్నాడు గానీ కదల్లేదు. 2008 ఏప్రిల్‌లో సంస్థే మూతపడింది. సుదూర మార్గాల్లో ఇంధనమే పెద్ద ఖర్చు. సీటు ఇరుకు చేసి, భోజనం తీసేసి మిగిల్చుకునేది అక్కడ చాలదు.

2022 ఫిబ్రవరి నుంచి రష్యా, యూరప్ దేశాలు పరస్పరం గగనతలాన్ని మూసుకున్నాయి. హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి దాదాపు 13 గంటలకు పెరిగింది. చైనా సంస్థలు మాత్రం రష్యా మీదుగానే ఎగురుతున్నాయి. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల నుంచి వెళ్లేవాళ్లకు షాంఘై, బీజింగ్‌ల మీదుగా వెళ్లే టికెట్లు చౌకగా కనిపించడానికి ఇదొక కారణం. భారత్ నుంచి వెళ్లేవాళ్లకు ఈ బెడద లేదు. పైగా 2020లో ఆగిన భారత్–చైనా నేరు విమానాలు 2025 అక్టోబరులో మళ్లీ మొదలయ్యాయి.

పండగలు, సీజన్లు

జపాన్‌లో చెర్రీ పూలు పూసే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో టికెట్ చౌకగా దొరుకుతుందని ఆశపడనక్కర్లేదు. ఆ వెంటనే మన వేసవి సెలవులు, వాళ్ల గోల్డెన్ వీక్ సెలవులు ఒకేసారి వచ్చిపడతాయి. ఆగస్టు మధ్యలో జపాన్ ఒబాన్ పండగ, అక్టోబరు మొదటి వారంలో చైనా జాతీయ సెలవులు, చాంద్రమాన సంవత్సరాది కూడా ఖరీదైన రోజులే. సంవత్సరాది తేదీ జనవరి, ఫిబ్రవరిల మధ్య ఏటా మారుతుంది కాబట్టి కొనేముందు చూసుకోవాలి. జూన్ వానలు, సెప్టెంబరు తుపాన్ల రోజుల్లో ధరలు దిగుతాయి. వాన తడి పట్టింపు లేనివాళ్లకు జూన్ క్యోటో మంచి బేరం.

వెతకడం

గూగుల్ ఫ్లైట్స్ 2011లో మొదలైంది. అంతకుముందు గూగుల్ కొనుక్కున్న ఐటీఏ సాఫ్ట్‌వేర్ దానికి ఆధారం. స్కైస్కానర్ 2016 నుంచి చైనాకు చెందిన సీట్రిప్ (ఇప్పటి పేరు ట్రిప్.కామ్ గ్రూప్) చేతిలో ఉంది. రెండింటిలోనూ తేదీ ఖరారు చేయకుండా నెల మొత్తం ధరలు చూడటం మొదటి పని. ఊరి పేరుకు బదులు నగర కోడ్ కొడితే అక్కడి విమానాశ్రయాలన్నీ కలిసి వస్తాయి. టీవైఓ అంటే నరిటా, హనేదా రెండూ, ఎస్ఈఎల్ అంటే ఇంచియాన్, గింపో రెండూ. అయితే నరిటా టోక్యో నడిబొడ్డు నుంచి 60 కిలోమీటర్లకు పైనే. చివరి రైలు వెళ్లిపోయాక దిగితే టికెట్‌లో మిగిల్చింది ట్యాక్సీకే సరిపోతుంది.

మల్టీ సిటీ అన్న మీటను చాలామంది ముట్టుకోరు. టోక్యోలో దిగి ఒసాకా నుంచి తిరిగొచ్చేలా ఒకే టికెట్ తీసుకుంటే, విమానం కోసం షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో టోక్యోకు తిరిగి రానక్కర్లేదు. ఆ రైలుకు ఒకవైపు సుమారు 14,000 యెన్లు అవుతుంది.

ఎయిర్‌ఏషియా ఎక్స్ (2007), స్కూట్ (2012), జిపెయిర్ (2020) లాంటి చౌక సంస్థల మూల ధరలో లగేజీ, భోజనం, సీటు ఎంపిక సాధారణంగా ఉండవు. చేతి సంచి బరువు కూడా చాలాచోట్ల 7 కిలోలే. ఇరవై కిలోల పెట్టె, రెండు పూటల తిండి కలిపాక వచ్చే మొత్తాన్నే మామూలు సంస్థల ధరతో పోల్చాలి. అలాగే జపాన్ ఎయిర్‌లైన్స్, ఏఎన్ఏ (ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్) ఇంధన సర్‌చార్జిని రెండు నెలలకోసారి మారుస్తాయి. ఆ సంస్థల సొంత మైళ్లతో తీసుకున్న ‘ఉచిత’ టికెట్‌కూ అది కట్టాల్సిందే.

విడి టికెట్లు, వీసాలు, పేర్లు

విశాఖ–కౌలాలంపూర్ ఒక టికెట్, కౌలాలంపూర్–ఒసాకా మరో టికెట్‌గా కొంటే ధర బాగా తగ్గొచ్చు. కానీ అది రెండు విడి ప్రయాణాల లెక్క. కౌలాలంపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి, పెట్టె తీసుకుని, మళ్లీ చెక్ ఇన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే పూచీ ఎవరిదీ కాదు. మధ్యలో కనీసం ఐదారు గంటలు, వీలైతే ఒక రాత్రి ఉంచుకోవాలి. భారతీయులకు మలేసియా 2023 డిసెంబరు నుంచి వీసా మినహాయింపు ఇస్తోంది కాబట్టి ఈ పద్ధతి అక్కడ సాధ్యం. హాంకాంగ్‌లో బయటికి రావాలంటే ముందే ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. చైనా ఇచ్చే 240 గంటల వీసా లేని ట్రాన్సిట్ దేశాల జాబితాలో భారత్ లేదు.

తెలుగువాళ్లకు మరో చిక్కు పేరుతో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మూడు మాటల పేరంతా ఒకే వరుసలో ఉన్నవాళ్లు చాలామంది. బుకింగ్ ఫారం ఇంటిపేరు లేనిదే ముందుకు కదలదు. కొన్ని సంస్థలు అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి, కొన్నిటిది వేరే పద్ధతి. డబ్బు కట్టకముందే ఆ సంస్థ నిబంధన చదవాలి. తర్వాత దిద్దించుకోవాలంటే చౌక సంస్థలు రుసుము అడుగుతాయి, లేదా కొత్త టికెట్టే కొనుక్కోమంటాయి. ఏజెంట్ సైటులో కొన్న టికెట్‌కైతే సంస్థ ఏజెంట్ దగ్గరికి, ఏజెంట్ సంస్థ దగ్గరికి తిప్పుతారు. ధరలో తేడా వందల్లోనే ఉంటే సంస్థ సొంత సైటులో కొనడమే నయం.