గట్టు మీద తాడు

మా జాలరిపేటలో తాడు లాగడమంటే వల లాగడమే. కాలవలో పడవనూ అలాగే లాగేవారని క్రిందటేడు ధవళేశ్వరంలో గట్టు వెంబడి నడుస్తుంటే అక్కడి పెద్దలు చెప్పారు.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలవలను సేద్యానికే కాక పడవలకూ అనువుగా తవ్వించాడు. మట్టం మారేచోట లాకులు: తలుపులు మూసి నీరు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే కళాసీలు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని, నడుం వంచి నడిచేవారు. ధాన్యం బస్తాలూ, పెళ్ళివారూ, తనిఖీకి వెళ్ళే అధికారులూ ఆ నడక మీదే ఊళ్ళు చేరేవారు. 1900లో గోదావరిపై రైలు వంతెన వచ్చింది. తరువాత బస్సులూ లారీలూ మిగిలిన బేరం పట్టుకుపోయాయి.

గట్టు మాత్రం మనబోటి మోకాళ్ళకు హాయి. చెట్టునీడ, పక్కన నీరు. కాటన్ మ్యూజియం కూడా చూడండి. అక్కడ దొరగారి పని వివరంగా ఉంది. తాడు లాగినవారి పేర్లు నాకు కనిపించలేదు. మన సభ్యుల్లో గోదావరి జిల్లాలవారు చాలామంది. మీ తాతలెవరైనా ఆ పని చేసి ఉంటే, దయచేసి పేరు, ఊరు రాసి మన పత్రికకు పంపండి.